పాలెగాళ్ల సీమలో ఇరవై ముఖాల పాచిక: డంజియన్స్ అండ్ డ్రాగన్స్, దాని డిజిటల్ సాధనాలపై ఒక దీర్ఘకాల సమీక్ష

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పును కర్నూలులో ఒక చిన్న బృందంతో కొన్నేళ్లుగా ఆడిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పుస్తకంలోని ఆట గట్టిది. దానికి తోడుగా వచ్చిన డిజిటల్ సాధనాలు మాత్రం మా వంటి బృందాలను దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. ప్రతి ఆటగాడి ముందూ ఒక ల్యాప్‌టాప్, ఎప్పుడూ తెగని ఇంటర్నెట్, అక్షరం పొల్లుపోకుండా పాటించే నియమాలు ఉంటాయన్న నమ్మకం మీద అవి నడుస్తాయి. మా దగ్గర ఉండేవి నాలుగైదు ఫోన్లు, ఎవరో ఒకరి హాట్‌స్పాట్, కథకు తగినట్టు మేమే సవరించుకున్న నియమాలు. కింద చేసిన సూచనలన్నీ ఈ తేడా నుంచి పుట్టినవే.

ఆట తెలియనివారి కోసం క్లుప్తంగా: గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో వెలువడింది. ఒకరు డంజియన్ మాస్టర్‌గా, అంటే డీఎంగా, ఆ లోకాన్నీ అందులోని మనుషులనూ రాక్షసులనూ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుని తాము ఏం చేస్తారో నోటితో చెబుతారు. ఫలితం అటో ఇటో తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేసి, పాత్ర సామర్థ్యాన్ని దానికి కలిపి, డీఎం నిర్ణయించిన సంఖ్యను అందుకుందో లేదో చూస్తారు. ఐదో కూర్పు 2014లో వచ్చింది. దాని సవరించిన రూపం 2024లో మొదలైంది. మేము రెండింటినీ కలిపి ఆడుతున్నాము, ఆ కలపడంలోనే సగం తలనొప్పి ఉంది.

మా కథ 1800 నాటి దత్తమండలాలలో సాగుతుంది. నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు, థామస్ మన్రో కలెక్టరుగా దిగాడు, పాలెగాళ్ల కోటలు ఒక్కొక్కటే కంపెనీ చేతిలోకి పోతున్నాయి. నల్లమల అంచున ఉన్న ఒక కల్పిత పాలెంలో మా పాత్రలు కావలి కాస్తుంటాయి. యూరప్ మధ్యయుగాల ఊహాలోకం కోసం రాసిన నియమాలు ఇక్కడ పనిచేస్తాయా అని మొదట్లో నాకు అనుమానం ఉండేది. చాలా వరకు పనిచేశాయి. అందుకు ముఖ్య కారణం అడ్వాంటేజ్ నియమమని నా నమ్మకం. పరిస్థితి కలిసివస్తే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవాలి, ఎదురుతిరిగితే చిన్నది తీసుకోవాలి, అంతే. ఒక్క పాచిక సగటు 10.5 అయితే, రెండింటిలో పెద్దదాని సగటు 13.8 దాకా పోతుంది. 20 పడే అవకాశం 5 శాతం నుంచి 9.75 శాతానికి పెరుగుతుంది. చీకటి, బురద, ఎత్తు, తాగిన కల్లు, అన్నిటికీ ఈ ఒక్క నియమమే సరిపోతుంది. కూడికలు, తీసివేతలతో ఆట ఆగదు.

బేరసారాల దగ్గర మాత్రం ఆట పలచబడుతుంది. రెండు పాలేల మధ్య చెరువు తూము దగ్గర తగాదా వచ్చిందనుకుందాం. పెద్దమనుషులను కూర్చోబెట్టాలి, పాత పగలు తవ్వకుండా మాట్లాడాలి, ఎవరి పంటకు ముందు నీళ్లో తేల్చాలి, కంపెనీ అమీనుకు విషయం పొక్కకుండా చూడాలి. ఇదంతా మా బృందం ఒక సాయంత్రమంతా ఉత్సాహంగా ఆడుతుంది. నియమాల ప్రకారమైతే చివరికి ఒకటి రెండు పాచికలతో తేలిపోతుంది. 2024 పుస్తకంలో ఇన్‌ఫ్లుయెన్స్ అనే చర్యను చేర్చి, ఎదుటివాడు సుముఖుడా, విముఖుడా, ఊగిసలాటలో ఉన్నాడా అని డీఎం నిర్ణయించే పద్ధతి పెట్టారు. ఊగిసలాటలో ఉన్నవాడిని ఒప్పించడానికి 15 గానీ అతని బుద్ధిబలం సంఖ్య గానీ, ఏది పెద్దదైతే అది అందుకోవాలి. ఇది మంచి మొదలే, కానీ కత్తి దూసిన మరుక్షణం ప్రాణబలం, కవచం, వంతులు, దూరాలు అంటూ ఇంత వివరం ఇచ్చే ఆట, పంచాయితీకి ఒకే ఒక్క మెట్టు ఇవ్వడం నాకు లోటుగానే అనిపిస్తుంది. పోరాటంలో ప్రాణబలం తగ్గినట్టు, పంచాయితీలో ఎదుటి పక్షం పట్టుదల మెట్టు మెట్టుగా సడలాలి. ప్రతి మెట్టు దగ్గర మనవైపు నుంచి ఏదో ఒకటి వదులుకోవాలి. మేము ఒక కాగితం మీద గళ్లు గీసుకుని ఇలాగే ఆడుతున్నాము. పోరాటంలో ఎవరి వంతో చూపించే పట్టీ దాదాపు ప్రతి యాప్‌లోనూ ఉంది. అటువంటిదే పంచాయితీకి కూడా ఒకటి పెడితే చాలు, కొత్త పుస్తకం అక్కర లేదు.

రెండు కూర్పుల తేడా ఎక్కడ గట్టిగా తగులుతుందో చెప్పడానికి మాటువేయడం కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2014 నియమాల్లో మాటుకు చిక్కినవాడు తన మొదటి వంతులో కదలలేడు, ఏమీ చేయలేడు. 2024లో అది తీసేసి, ఎవరు ముందో తేల్చే పాచికను అతను రెండుసార్లు వేసి చిన్నది తీసుకుంటే చాలన్నారు, అంటే సగటున మూడు పాయింట్లకు పైగా నష్టం, అంతకుమించి ఏమీ లేదు. పోరాటం ఏకపక్షం కాకుండా ఉండాలన్న ఉద్దేశం అర్థం చేసుకోదగ్గదే. అయితే నల్లమల కనుమలో రాళ్ల వెనుక తుపాకులు పట్టుకుని కూర్చున్న మనుషులకు ఆ మాటువేయడమే బలం. దాన్ని మూడు పాయింట్లకు కుదిస్తే కథే మారిపోతుంది. కాబట్టి మా బల్ల మీద పాత నియమమే నడుస్తుంది. పాత్ర సామర్థ్యాలనూ వస్తువులనూ రాసుకోవడానికి మేము వాడుతున్న పాత్రపత్రం యాప్‌కు మాత్రం ఈ విషయం చెప్పే దారి లేదు. కొత్తదంటే మొత్తం కొత్తది, పాతదంటే మొత్తం పాతది.

అన్ని సాధనాలకూ నా మొదటి సూచన ఇదే. నియమాలను ఒకే మూటగా కట్టి ఇవ్వకుండా, మాటు, విశ్రాంతి, బరువు, మరణం వంటి వాటికి విడివిడిగా మీటలు ఇవ్వండి. ఏ మీట ఎటు ఉందో డీఎం నిర్ణయిస్తే, బృందంలో అందరి ఫోన్లలోనూ అదే కనిపించాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 2024 ఆగస్టులో ఈ ఆట అధికారిక డిజిటల్ వేదిక అయిన డీ అండ్ డీ బియాండ్‌లో పాత మంత్రాల స్థానంలో కొత్తవి వస్తాయని ప్రకటించినప్పుడు ఆటగాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, కొద్ది రోజుల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. పాత మంత్రాలూ కొత్త మంత్రాలూ ఒకే చోట బతకగలవని తేలిపోయింది కదా, ఇక నియమాలకూ ఆ అవకాశం ఇవ్వడానికి అడ్డేమిటి?

వజ్రాల సంగతి మా ప్రాంతం వాళ్లకు మాత్రమే తట్టే ఫిర్యాదేమో. చనిపోయిన పాత్రను ఒక నిమిషం లోపు బతికించే రివివిఫై మంత్రానికి 300 బంగారు నాణేల విలువైన వజ్రం ఖర్చవుతుంది. రెయిజ్ డెడ్‌కు 500, రిసరెక్షన్‌కు 1,000. చాలా బృందాలు దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాయి. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం తల వంచుకుని వజ్రాలు వెతికే సీమలో అది ఎలా కుదురుతుంది? మా కథలో సగం మలుపులు ఆ ఒక్క నియమం మీదే తిరిగాయి: పాలెగాడి దగ్గర ఎన్ని రాళ్లు ఉన్నాయి, వాటిలో ఎవరి ప్రాణానికి ఏది, కంపెనీ వాళ్లు వాటిని ఎందుకు అడుగుతున్నారు. కానీ మేము వాడిన యాప్‌లో మంత్రం వేసినప్పుడు సంచిలోని వజ్రం తగ్గదు. బాణాలు లెక్కపెట్టే పాత్రపత్రాలు ఉన్నాయి, ఖరీదైన వస్తువును లెక్కపెట్టేవి అరుదు. మంత్రం మీద నొక్కగానే, వస్తువు లేకపోతే హెచ్చరించి, ఉంటే ఖర్చు రాసుకునే చిన్న ఏర్పాటు చేస్తే పుస్తకంలో ఉన్న ఒక చక్కని నియమానికి ప్రాణం వస్తుంది.

పాత్రలు ఎక్కడున్నాయో గళ్ల పటం మీద చూపే సాధనాల మీద నా పట్టింపు మరింత ఎక్కువ. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలను మా కథలో ఒక దీర్ఘ ఘట్టానికి వాడుకున్నాను. కొలిచిన పొడవు 3,229 మీటర్లు, అత్యంత లోతైన చోటు పాతాళగంగ, ప్రవేశ మట్టం నుంచి సుమారు 46 మీటర్ల కింద. ఆటలో ఒక గడి ఐదు అడుగులు కాబట్టి ఆ లెక్కన గుహ పొడవే రెండు వేల గడులు దాటుతుంది. నీటి ఒరిపిడికి నునుపెక్కిన సున్నపురాయి గోడలు ఎక్కడా తిన్నగా ఉండవు. పటం సాధనాల్లో ఏ పాత్రకు ఏది కనిపిస్తుందో లెక్కించడానికి గోడలను గీతల ముక్కలుగా గీయాలి. గచ్చు గదుల కోటకు ఇది నిమిషాల పని. బెలుం వంటి గుహకు రాత్రుళ్లు పడుతుంది. గీసిన ఆ వందల ముక్కలను ఫోన్ లెక్కించలేక వేడెక్కుతుంది. వంపు గీతలను నేరుగా ఒప్పుకునే, ఫోన్ కోసం వాటిని తనంతట తానే పలచన చేసుకునే సాధనం కావాలి. అది కుదరకపోతే, డీఎం వేలితో చెరిపి చూపించే సాదా పొగతెర చాలు. మేము చివరికి అదే వాడాము, ఎవరికీ లోటు అనిపించలేదు. సాధనాల తయారీదారులు త్రిమితీయ బొమ్మల వెంట పడడం చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. సిజిల్ అనే త్రిమితీయ బల్ల 2025 ఆరంభంలో విడుదలైన కొద్ది వారాలకే దాన్ని తయారుచేసిన బృందంలో చాలామంది ఉద్యోగాలు పోయాయి. ఆ శ్రమలో పదో వంతు ఫోన్ తెర మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

గుహ ఘట్టంలోనే మరో సంగతి బయటపడింది. నియమం ప్రకారం కాగడా 20 అడుగుల వరకు బాగా వెలుగునిస్తుంది, ఆపైన మరో 20 అడుగులు మసక వెలుగు, గంటకు ఆరిపోతుంది. మేము చూసిన పటం సాధనాలు వెలుగు వలయాన్ని అందంగా గీస్తాయి, గంటను మాత్రం లెక్కపెట్టవు. గుహలో భయం పుట్టించేది ఆ గంటే కదా. ఆటలోని కాలాన్ని డీఎం ముందుకు నెట్టినప్పుడు కాగడాలు, మంత్రాల గడువులు, ఆకలి అన్నీ కలిసి కదిలే గడియారం ఒకటి ప్రతి సాధనంలోనూ ఉండవలసింది.

ఇక అనుసంధానం. తెర మీదే ఆట బల్లను పరిచే ఫౌండ్రీ వీటీటీ అనే సాధనం 2020 నుంచి ఉంది. డీఎం ఒక్కరు ఒకసారి 50 డాలర్లు పెట్టి కొంటే చాలు, మిగిలినవారు బ్రౌజర్‌లో చేరతారు. నెలనెలా చందా కట్టే పని లేని ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. అందరమూ ఒకే గదిలో ఉన్నప్పుడు ఇంటర్నెట్ లేకున్నా వైఫై మీదే నడుస్తుంది. చిక్కంతా ఉద్యోగానికి బెంగళూరు పోయిన ఆటగాడిని కలుపుకోవాలన్నప్పుడు వస్తుంది. మొబైల్ నెట్‌లోనూ, చాలా ఇళ్ల ఫైబర్ కనెక్షన్లలోనూ ఒకే బయటి ఐపీ చిరునామా వెనుక ఎందరినో ఉంచుతారు. అందువల్ల డీఎం కంప్యూటర్‌కు బయటి నుంచి నేరుగా దారి దొరకదు. రూటర్‌లో పోర్టు తెరిచినా ఫలితం ఉండదు. ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఇవ్వగల కొత్త పద్ధతి ఐపీవీ6 రెండు వైపులా ఉంటే గట్టెక్కవచ్చు, లేదంటే సర్వర్ అద్దెకు తీసుకోవాలి. మధ్యవర్తి సర్వర్ ద్వారా కలిపే ఏర్పాటు సాధనంలోనే ఉండి, దానికి కొద్దిపాటి రుసుము తీసుకున్నా మాకు అభ్యంతరం లేదు. పాత్రపత్రం మాత్రం నెట్ లేకపోయినా తెరుచుకోవాలి, మార్పులు ఫోన్‌లోనే దాచుకుని తర్వాత సరిచూసుకోవాలి. మే నెలలో కరెంటు పోయిన సాయంత్రం ఆట ఆగిపోవడానికి వేరే కారణం అక్కర లేదు.

తెలుగు విషయంలో అడ్డు చట్టంలో లేదు, ఫైళ్లలో ఉంది. 2023 జనవరిలో ఆట మూల నియమాల పత్రమైన ఎస్‌ఆర్‌డీ 5.1ను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు; 2024 సవరణలతో కూడిన 5.2 కూడా 2025లో అదే లైసెన్సుతో వచ్చింది. మూలాన్ని పేర్కొంటే చాలు, ఎవరైనా తెలుగులోకి తెచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలు అధికారికంగానే వచ్చాయి. భారతీయ భాష ఒక్కటీ లేదు. అనువాదం మేము చేసుకోగలం, కానీ దాన్ని పెట్టడానికి చోటు కావాలి. నింపుకునే పీడీఎఫ్ పాత్రపత్రాల్లో లాటిన్ అక్షరాల ఫాంటే ఉండడం వల్ల తెలుగులో పేరు రాస్తే ఖాళీ గళ్లో, ఊడిపోయిన వత్తులో కనిపిస్తాయి. తెర మీది మాటలను వేరే భాషా ఫైలులో ఉంచిన సాధనాల్లో ఇది పరిష్కారమవుతుంది; మిగిలినవాళ్లూ ఆ పద్ధతికి మారాలి.

చిన్నవి మరికొన్ని ఉన్నాయి. పాత్రపత్రం అచ్చువేస్తే అమెరికా లెటర్ కొలతలో వస్తుంది, మన ఏ4 కాగితం మీద అంచులు కుదరవు. దూరాలు అడుగుల్లో ఉండడం మనకు ఇబ్బంది కాదు, ఇంటి స్థలాలను ఇప్పటికీ అడుగుల్లోనే కొలుస్తాం. బరువులు పౌండ్లలో ఉండడమే చికాకు. బలం 16 ఉన్న పాత్ర 240 పౌండ్లు మోయగలదంటే, అది 109 కిలోలని, అంటే నిండు వడ్ల బస్తా ఎత్తి ఇంకా కాస్త మోయగలడని ప్రతిసారీ నేనే చెప్పవలసి వస్తోంది. చందాల విషయానికొస్తే, 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు ఆటోపే నిబంధనలు కఠినమయ్యాక విదేశీ సేవలకు కార్డు నుంచి నెలనెలా డబ్బు వెళ్లడం మా బృందంలో తరచూ విఫలమైంది. ఏడాదికి ఒకేసారి కట్టే వీలు, యూపీఐ, ఈ రెండూ ఉంటే ఆ గొడవ తీరుతుంది.

ఆటగాళ్ల మాట వినే అలవాటు ఈ ఆటకు ఉంది. ఐదో కూర్పు 2012లో బహిరంగ పరీక్షతోనే మొదలైంది, ఇప్పటికీ కొత్త నియమాలను ముందుగా విడుదల చేసి అభిప్రాయం అడుగుతుంటారు. అయితే నేను నింపిన సర్వేల్లో ప్రశ్నలు ఫలానా పాత్రకు ఫలానా శక్తి నచ్చిందా అన్న తీరులోనే ఉన్నాయి. మీ బల్ల మీద ల్యాప్‌టాప్‌లు ఎన్ని, ఫోన్లు ఎన్ని, ఏ భాషలో ఆడతారు, ఏ నియమాన్ని మార్చుకున్నారు, ఎందుకు మార్చుకున్నారు అనే నాలుగు ప్రశ్నలు వాటికి చేర్చాలని కోరుతున్నాను. ఆ జవాబులు వస్తే పైన రాసిన వాటిలో ఏది ముందు చేయాలో వాళ్లకే తెలుస్తుంది.