బరంపురంలో క్వాడ్ 33కు కొత్త జాక్‌లు: ఒక రిపేరు దుకాణం పనితనం

బరంపురం గేట్ బజార్ పక్క సందులో పాత రేడియోలూ యాంప్లిఫయర్లూ బాగుచేసే ఒక చిన్న దుకాణం ఉంది. దానికి బోర్డు లేదు. వచ్చినవారితో ఒడియాలో బేరం మాట్లాడుతూనే లోపల ఉన్న కుర్రవాడికి తెలుగులో పని పురమాయించే పెద్దమనిషి ఒకరు అక్కడ కూర్చుంటారు. మా మామయ్య కలకత్తాలో పాత సామాను వ్యాపారి దగ్గర కొని, చివరికి నాకు వదిలిపెట్టిన క్వాడ్ 33 ప్రీ-యాంప్లిఫయర్‌ను (రికార్డు, సీడీ ప్లేయర్ల సంకేతాన్ని తీసుకుని అసలు యాంప్లిఫయర్‌కు అందించే పెట్టెను) మొన్న ఈ మిస్త్రీ గారి చేతిలో పెట్టాను. ఇంగ్లండులోని హంటింగ్డన్‌లో తయారై, 1967లో బజారులోకి వచ్చి, 1982 వరకు అమ్ముడైన పరికరం ఇది.

దీని వెనుక భాగంలో ఉన్న ఇన్‌పుట్‌లన్నీ గుండ్రటి డిన్ సాకెట్లే. ఐదు పిన్నుల్లో మధ్యది ఎర్త్, మిగిలినవి ఎడమ కుడి చానళ్ళకు. ఈనాటి టర్న్‌టేబుళ్ళకూ (రికార్డు ప్లేయర్లకు) సీడీ ప్లేయర్లకూ ఉండేది ఆర్‌సీఏ పిన్ను, అంటే చుట్టూ లోహపు వలయంతో చానల్‌కు ఒకటి చొప్పున ఉండే పిన్ను, కనుక ఇన్నాళ్ళూ మధ్యలో ఒక అడాప్టర్ తీగ తగిలించి నెట్టుకొచ్చాను. గోపాలపురం సముద్రం మాకు ఎంతో దూరం లేదు. ఆ ఉప్పుగాలికి సాకెట్లలోని రేకులు నల్లబడి, పట్టు సడలి, తీగను ముట్టుకుంటే తప్ప కుడి చానల్ పలకని స్థితి వచ్చింది. కాంటాక్ట్ క్లీనర్ చల్లితే వారం రోజులు బాగుండేది, తరువాత మళ్ళీ అదే తంతు.

నేను అడిగింది సూటిగా ఒకటే: డిన్ సాకెట్లు తీసేసి, పెట్టె వెనుక రేకుకు కన్నాలు పెట్టి ఆర్‌సీఏ జాక్‌లు బిగించమని. ఆయన ఒప్పుకోలేదు. “రేకుకి కన్నం పెట్టడం నిమిషం పని బాబూ, పూడ్చడం మాత్రం మన వల్ల కాదు” అన్నారు. దానికి బదులుగా పాత సాకెట్ స్క్రూలకే అమరేటట్టు చిన్న అల్యూమినియం పట్టీలను ఎల్ ఆకారంలో వంచి, వాటి మీద జాక్‌లు కూర్చి, పాత రంధ్రం గుండానే షీల్డు తీగను (చుట్టూ లోహపు అల్లిక ఉన్న తీగను) లోపలికి పంపారు. రేపు ఎవరికైనా ఈ పరికరం అసలు రూపంలో కావాలంటే పట్టీ విప్పి డిన్ సాకెట్ మళ్ళీ బిగించవచ్చు. తీసిన సాకెట్లను, అవి ఎక్కడెక్కడివో రాసిన చీటీతో సహా కవరులో పెట్టి ఇచ్చారు. ఇంతకుముందు మరొక ఊళ్ళో నేను చూసిన మరమ్మతుల్లో పాత భాగాలు చెత్తబుట్టలోకి పోవడమే తప్ప తిరిగి చేతికి రావడం చూడలేదు.

పనితనం అసలు తెలిసింది ఎర్త్ దగ్గర. టర్న్‌టేబుల్ తగిలించే డిస్క్ ఇన్‌పుట్‌కు సూది నుంచి వచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులే కనుక, అక్కడ జరిగిన చిన్న పొరపాటు కూడా స్పీకర్లో రొదగా వినిపిస్తుంది. జాక్ బయటి వలయం పట్టీకి తగలకుండా నైలాన్ వాషర్లు వేసి, షీల్డును ఒక్క చివరే టంకం పెట్టి, టర్న్‌టేబుల్ విడి ఎర్త్ తీగకు వేరే స్క్రూ అమర్చారు. అయినా మొదటిసారి ఇంటికి తెచ్చి పెడితే గుయ్‌మనే శబ్దం. వెనక్కి తీసుకువెళ్ళగానే ఆయన పెట్టె విప్పలేదు, ముందు చెవి పెట్టి విన్నారు. కరెంటు సరఫరాలోని కెపాసిటర్లు ఎండిపోతే సాధారణంగా 100 హెర్ట్‌జ్ రొద వస్తుందట, ఎర్త్ రెండు దారులు పట్టితే వచ్చేది 50 హెర్ట్‌జ్, ఇంకా మంద్రంగా ఉంటుందట. ఇది రెండోదేనని తేల్చి, మీటరు పెట్టి చూస్తే ఒక వాషర్ బిగింపులో చీలి, జాక్ వలయం పట్టీకి తగులుతోంది. వాషర్ మార్చిన పావుగంటలో శబ్దం పోయింది. దానికి డబ్బు తీసుకోలేదు.

నేను అడగకుండానే ఆయన చేసిన మరొక పని ఉంది. సీడీ ప్లేయర్‌ను నేను తగిలించేది రేడియో 1 అనే ఇన్‌పుట్‌కు. క్వాడ్ రేడియో ఇన్‌పుట్ 100 మిల్లీవోల్టుల సంకేతానికే పూర్తిగా పలుకుతుంది, సీడీ ప్లేయర్ పంపేది 2 వోల్టులు. జాక్ మార్చి నేరుగా కలిపేస్తే వాల్యూమ్ నాబ్ కొంచెం కదిపేసరికే ఇల్లు అదిరిపోతుంది. అందుకని రేడియో 1 జాక్‌కు లోపలివైపు ఒక్కొక్క చానల్‌లో 22 కిలో ఓమ్‌ల రెసిస్టరు వరుసలో, 2.2 కిలో ఓమ్‌లది ఎర్త్‌కు వేసి, సంకేతాన్ని పదకొండో వంతుకు, అంటే సుమారు 180 మిల్లీవోల్టులకు దించారు. ఇప్పుడు నాబ్ సగం దాకా తిప్పి వినగలుగుతున్నాను. నా వరకు ఈ రెండు జతల రెసిస్టర్లే మొత్తం పనిలో ఎక్కువ విలువైనవి, వాటి ఖరీదు పది రూపాయలు కూడా ఉండదు.

లోటుపాట్లూ ఉన్నాయి. నాలుగు రోజులన్న పని పంతొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో ఊరి జాతర ఠాకురాణి యాత్ర వచ్చింది నిజమే, ఆ రోజుల్లో ఊళ్ళో ఏ పనీ సాగదన్నదీ నిజమే, కాని ఒక ఫోను చేసి చెప్పవచ్చు. రేడియో 1 జాక్‌లలో ఎరుపు కుడికీ తెలుపు ఎడమకీ ఉండవలసింది తారుమారైంది. తెలిసిన పాటలో ఎడమవైపు వినిపించవలసిన వాద్యం కుడి స్పీకర్లో పలికినప్పుడు గాని నాకు తెలియలేదు. ఆయన సరిచేస్తానన్నారు గాని, ఇంకోసారి మోసుకుని వెళ్ళే ఓపిక లేక తీగలనే మార్చి గుచ్చుకున్నాను.

రెండు జతల జాక్‌లు, పట్టీలు, కూలీ కలిపి 1,800 రూపాయలైంది. బిల్లు లేదు, చిన్న కాగితం మీద లెక్క రాసి ఇచ్చారు. ఉదయం పదకొండు దాటితే గాని తలుపు తీయరు. వెళ్ళేవారు తాము వాడే తీగలను కూడా వెంట తీసుకువెళ్ళాలి. పట్టీ వెడల్పు పాత సాకెట్‌కు సరిపడా మాత్రమే కనుక జాక్‌లు దగ్గర దగ్గరగా వచ్చాయి, నా దగ్గరున్న లావు లోహపు పిన్నులు రెండూ పక్కపక్కన దూరక, ఒకదాని తొడుగు విప్పి పెట్టుకోవలసి వచ్చింది.