సిమ్ కన్నం లేని ఫోనుతో మూడేళ్లు

2023 సంక్రాంతికి మా బావ అమెరికా నుంచి తెచ్చిచ్చిన ఐఫోన్ 14 ఇది. అక్కడ అమ్మిన 14కి సిమ్ ట్రే ఉండదు, ఇక్కడ కొన్నదానికి ఉంటుంది. శ్రీకాకుళంలో గ్లాసు వేయించడానికి ఇస్తే షాపు కుర్రాడు నాలుగు పక్కలా తిప్పి చూసి, "ఏటన్నా, దీనికి కన్నమే నేదేటి?" అన్నాడు. కెమెరా గురించి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను ఆ కన్నం గురించే రాస్తాను.

మామూలు రోజుల్లో ఈ-సిమ్ అన్న సంగతే గుర్తుకు రాదు. విడి సిమ్ము బదులు లోపల బోర్డుకి అతికించిన చిప్పు ఒకటి, దానికి ఈఐడీ అనే 32 అంకెల గుర్తింపు సంఖ్య. కంపెనీ సర్వరు నుంచి మన నంబరు అందులోకి దిగుతుంది. అంతే.

తేడా ఫోను కింద పడ్డ రోజున తెలిసింది. తెర మొత్తం నల్లబడింది, రింగు మాత్రం వస్తోంది. ఏడు రోడ్ల కూడలి దగ్గర బాగుచేయడానికి ఇస్తే సామాను విశాఖ నుంచి రావాలి, రెండు రోజులు పడుతుందన్నారు. పాత ఫోనైతే పిన్ను గుచ్చి సిమ్ము తీసి జేబులో వేసుకుని ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు నా నంబరు కూడా ఫోనుతోపాటే మెకానిక్ సొరుగులోకి వెళ్లింది. లాక్ స్క్రీన్ మీద మెసేజీలు కనిపించేలా పెట్టుకుని ఉంటే, కొత్త తెర పెట్టగానే నాకొచ్చే ఓటీపీలన్నీ అక్కడే కనిపిస్తాయి. పైగా టెస్టింగుకని పాస్‌కోడ్ అడిగాడు. ఇవ్వలేదు.

ఆధార్ పట్టుకుని ఫోన్ కంపెనీ దుకాణానికి పరిగెత్తి, ఫొటో దిగి, అదే నంబరుకి మామూలు సిమ్ము తీసుకుని ఇంట్లోని పాత ఫోనులో వేశాను. సిమ్ము మారిస్తే 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపుతారు, మోసాల కోసం పెట్టిన కట్టడి. మంచిదే, కానీ ఆ రోజంతా బ్యాంకు ఓటీపీ లేదు. ఫోను బాగయ్యాక తిరిగి ఈ-సిమ్‌కి మారితే మళ్లీ అదే 24 గంటలు. క్యూఆర్ కోడేమో మెయిల్‌కి వస్తుంది, దాన్ని స్కాన్ చేయాల్సిన ఫోను ఇదే! మా అమ్మాయి ట్యాబ్‌లో మెయిల్ తెరిచి పని కానిచ్చాను. ఆ మెయిల్ పాస్‌వర్డ్ ఎవడి చేతికైనా చిక్కితే నంబరుకీ ముప్పేనని అప్పుడు వెలిగింది.

గోప్యత మాటకొస్తే, నాకూ ఒక భ్రమ ఉండేది, సిమ్ము తీసేస్తే ఇక మనల్ని ఎవరూ కనిపెట్టలేరని. ఏ సిమ్ము వేసినా ఐఎమ్ఈఐ, అంటే ఫోనుకుండే 15 అంకెల గుర్తింపు సంఖ్య, టవరుకి తెలుస్తూనే ఉంటుంది. మన దేశంలో కేవైసీ లేకుండా ఏ సిమ్మూ ఇవ్వరు. కాబట్టి ఆ లెక్కన నేను కొత్తగా పోగొట్టుకున్నదేమీ లేదు. దొంగ విషయంలో లాభం కూడా ఉంది. సిమ్ము పీకి వేరే ఫోనులో వేసి ఓటీపీలు లాగలేడు. మామూలు సిమ్‌కీ పిన్ నంబరుతో తాళం పెట్టుకోవచ్చు, ఎంతమంది పెడుతున్నారు గనక! ఒకటి మాత్రం చేయండి: లాక్ స్క్రీన్ మీద కంట్రోల్ సెంటర్ (పైనుంచి లాగితే వచ్చే బటన్ల పలక) ఆపేయండి, లేకపోతే వాడు ఏరోప్లేన్ మోడ్ నొక్కి సిగ్నల్ ఆపేసి చక్కా పోతాడు.

నాకు మింగుడుపడనిది వేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మేం మందసలో అత్తారింట్లో ఉన్నాం. కొబ్బరి చెట్లు ఎక్కడికక్కడ కూలాయి, కరెంటు పోయింది, నా ఫోను చచ్చింది. మా మామయ్య కీప్యాడ్ ఫోనులో కొంచెం చార్జింగు మిగిలి ఉంటే నా సిమ్ము అందులో వేసి, సిగ్నల్ దొరికినచోట నిలబడి బెంగళూరులో ఉన్న తమ్ముడికి బతికున్నామని చెప్పాను. ఎవరి అనుమతీ అడగలేదు. ఇప్పుడైతే సర్వరు ఒప్పుకోవాలి, అదీ నెట్ ఉంటే. కీప్యాడ్ ఫోనులోకి ఈ-సిమ్ ఎలాగూ ఎక్కదు.

అందుకే బ్యాంకు నంబరును మళ్లీ మామూలు సిమ్‌కి మార్చి కీప్యాడ్ ఫోనులో పెట్టాను. ఐఫోన్‌లో ఇంకో నంబరు తీసుకున్నాను. రెండు ఫోన్లు మోస్తున్నానని ఇంట్లో నవ్వుతారు. మొన్న బావ వస్తూ ఏం తెమ్మంటావని అడిగాడు. బాదంపప్పు చాలన్నాను.