పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్: నాలుగేళ్ల వాడకం తర్వాత

రెండు వేలు పోసి కొన్న బ్యాటరీ రైలు మూడు వారాలకే మూలన పడింది. దాన్ని చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్టు మాత్రం నాలుగేళ్లుగా పనిచేస్తూనే ఉంది. అందుకే దాని గురించి రాస్తున్నా.

మేముండేది హన్మకొండలో. బాబుకు ఏడేళ్లు, పాపకు నాలుగు. ఈ టికెట్టు కొని పిల్లల్ని స్టేషన్‌కు తీసుకెళ్లి రైళ్లు చూపించడం మొదలుపెట్టినప్పుడు వాడికి మూడేళ్లే. టికెట్టు రెండు గంటలు చెల్లుతుంది. చిన్నపిల్లలతో అంతకు మించి ఉండలేం కూడా, గంటన్నరకే ఎవరో ఒకరు బాత్రూం అంటారు.

ఈ పనికి వరంగల్ స్టేషన్ కన్నా కాజీపేట జంక్షన్ మేలు. సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా, మూడు వైపుల పట్టాలూ ఇక్కడ కలుస్తాయి. ఇంజన్లను ఉంచి బాగుచేసే లోకో షెడ్లు ఉన్నాయి కాబట్టి పెట్టెల్లేని ఒంటరి ఇంజన్లు కూడా కనిపిస్తుంటాయి.

2023 జనవరిలో సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ మొదలైంది. పిల్లలకు చూపించాలని వాళ్లకన్నా నేనే ఎక్కువ ఉబలాటపడ్డా. తెల్లగా వచ్చింది, సర్రున పోయింది. "డాడీ, ఇంజనేది?" అన్నాడు వాడు. దానికి విడిగా ఇంజనుండదని చెప్తే మొహం అదోలా పెట్టాడు.

వాళ్లకు కావాల్సింది గూడ్సు బండి. అందులోనూ బొగ్గు బండి. ఎంత నెమ్మదిగా పోతే అంత సంతోషం, లెక్కపెట్టుకోవచ్చు కదా. వ్యాగన్ల లెక్క 58 దగ్గరో 59 దగ్గరో ఆగుతుంది. వందలోపు అంకెలు మావాడికి అలాగే వచ్చాయి. అక్షరాలు కూడా ఇంజన్ల మీదే నేర్చుకున్నాడు: డబ్ల్యూఏజీ అని ఉంటే గూడ్సుది, డబ్ల్యూఏపీ అని ఉంటే ప్యాసింజర్లది.

చివర్లో బ్రేక్ వ్యాన్, అందులో గార్డు. 2022 నుంచి ఆ ఉద్యోగం పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చారు గానీ మా ఇంట్లో ఆయనింకా గార్డు అంకులే. ఒకరోజు వాడు నాయనమ్మ పెట్టెలోంచి ఒడిబియ్యంలో వచ్చిన ఆకుపచ్చ జాకెట్టు ముక్క లాగి జేబులో కుక్కుకున్నాడు. బ్రేక్ వ్యాన్ ఎదురుగా రాగానే తీసి ఊపాడు. ఆయన తన జెండా ఊపుతూ, రెండో చేత్తో నుదుటి దగ్గర సెల్యూట్ కొట్టాడు. ఆ ముక్కను ఇంతవరకూ ఉతకనివ్వలేదు. ఇంజన్ దాటిపోయాకే బయటికి తీయాలని మా షరతు. ఎర్రగుడ్డ మాత్రం స్టేషన్ దరిదాపులకు రానివ్వం.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటిసారి ఆగకుండా పోయే బండి హారన్‌కు వాడు వణికిపోయాడు, మూడు వారాలు స్టేషన్ ఊసెత్తితే ఏడుపే. ఇప్పుడు పాపకు ముందే చెప్పి చెవులు మూయిస్తాం. పసుపు గీత సంగతి చెప్పక్కర్లేదు. ఆగని బండి వస్తోందంటే ముగ్గురం బెంచీ మీదే, వాళ్ల చేతులు నా చేతుల్లో. ఒక్కణ్నే ఇద్దర్నీ తీసుకుపోతే టెన్షనే, ఫోన్ జేబులోంచి తీయను. పండగ రద్దీలో ఒక్కోసారి ఈ టికెట్లు ఆపేస్తారు, సంక్రాంతికి సకినాల డబ్బాతో సహా వెనక్కి రావాల్సి వచ్చింది.

ఇంకో సైడ్ ఎఫెక్ట్. అనౌన్స్‌మెంట్ ఇంటికొస్తుంది. "దయచేసి వినండి, పప్పన్నం ఒకటవ నంబర్ ప్లాట్‌ఫాం మీదికి వచ్చుటకు సిద్ధముగా ఉన్నది" అని పాప అరిస్తే తప్ప మా ఇంట్లో ఎవరూ తినడానికి కూర్చోరు.

పోయిన వేసవిలో విజయవాడ వెళ్లాం. అక్కడ పక్క లైన్లో నిలబడ్డ ఇంజన్ మీద షెడ్డు పేరు కాజీపేట అని ఉంది. వాడు చదివి చెప్పగానే పాప కిటికీ ఊచలు పట్టుకుని దాన్నే చూస్తూ అడిగింది: "ఇది ఇంటికెప్పుడొస్తది డాడీ?"