కుండీలో ఆలివ్: అర్బెకినా మొక్క కొనవచ్చా?

ఆకు అందం కోసం కొంటే అర్బెకినా అనే ఈ ఆలివ్ రకం నిరాశపరచదు. కాయలు కావాలంటే మాత్రం ముందు మీ చలికాలం సంగతి చూసుకోవాలి. ఆలివ్ పూమొగ్గ కట్టాలంటే కొన్ని వారాల పాటు రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగాలి. ఆ చలి లేని చోట మొక్క పచ్చగా ఏపుగా పెరుగుతుంది, పూత మాత్రం రాదు. అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు.

స్పెయిన్‌లోని కాటలోనియాలో ఉన్న అర్బెకా అనే ఊరి పేరే ఈ రకానికి వచ్చింది. చెట్టు పొట్టిది, నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే దగ్గర దగ్గరగా వరుసల్లో నాటి యంత్రాలతో కాయ కోసే తోటలకూ, కుండీలకూ దీన్నే ఎంచుకుంటారు. తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి ఒక్క మొక్క ఉన్నా చాలు. పుప్పొడిని మోసేది గాలి కనుక కుండీ ఆరుబయటే ఉండాలి. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. గదిలో పెడితే కాయ ఆశ వదులుకోవాల్సిందే.

కొనేటప్పుడు రెండు మోసాలు కనిపెట్టుకోవాలి. ఎలియోకార్పస్, ఎలియాగ్నస్ అనే వేరే జాతి మొక్కలను కూడా ఆలివ్ పేరుతోనే అమ్ముతారు. అసలు ఆలివ్ మల్లె కుటుంబానిది. కణుపుకు రెండేసి ఆకులు ఎదురెదురుగా వస్తాయి, ఆకు అడుగున వెండి ఛాయ ఉంటుంది. ఆ రెండింటికీ ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. రెండో మోసం విత్తనపు మొక్క. దానికి తల్లి గుణాలు రావు, కాపుకు చాలా ఏళ్ళు పడుతుంది. కొమ్మ నాటి పెంచినదో, అంటు కట్టినదో అడిగి తీసుకోండి. చీటీ మీద రకం పేరు లేకపోతే వదిలేయడమే మేలు. కుండీ అడుగున వేళ్ళు చుట్టచుట్టుకుని ఉన్న మొక్కా వద్దు.

ఈ చెట్టు మధ్యధరా తీరపు సున్నపురాతి వాలుల్లో, వేసవి పొడిగా ఉండే నేలల్లో పుట్టి పెరిగింది. అక్కడ దాదాపు 6,000 ఏళ్ళుగా సాగులో ఉంది. దాహాన్ని ఓర్చుకుంటుంది గానీ నిలవ నీటిని అస్సలు ఓర్చుకోదు. కుండీలో చనిపోయిన ఆలివ్‌లలో ఎక్కువ భాగం నీళ్ళెక్కువై పోయినవే. 40 నుంచి 45 సెంటీమీటర్ల వెడల్పు కుండీ తీసుకోండి. సగం తోటమట్టి, పావు ముతక ఇసుక, పావు పెర్లైట్ (నీరు నిలవకుండా చేసే తేలికపాటి తెల్లటి గుళికలు) కలిపి నింపండి. పైన 5 సెంటీమీటర్ల మట్టి పొడిబారాకే నీళ్ళు పోయాలి, అప్పుడు అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి. కింద పళ్ళెం పెట్టకండి. కింది ఆకులు పసుపెక్కి రాలుతుంటే వేరుకుళ్ళు మొదలైందేమో చూడండి. లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న మట్టిలో అర్బెకినాకు ఈ బెడద ఎక్కువ. చీలేటెడ్ ఇనుము, అంటే మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలోని ఇనుము, వేస్తే తగ్గుతుంది. ఆకుల మీద నల్లటి మసి పడితే దాన్ని తుడిచి ఊరుకోకండి, దానికి కారణమైన, కొమ్మలకు అంటుకుని ఉండే పొలుసు పురుగులను వెతికి తీయండి.

కత్తిరింపులో చాలామంది చేసే తప్పు ఒకటుంది. పూత నిరుటి రెమ్మల మీదే వస్తుంది. గుండ్రంగా కనపడాలని అన్నిటి కొసలూ కత్తిరిస్తే ఆ ఏడాది కాపు పోయినట్టే. చలి తగ్గాక లోపలికి పెరిగిన కొమ్మలు మాత్రం తీసేస్తే సరిపోతుంది. ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు ఊరుకోవడం ఈ చెట్టుకు మామూలే, దానికి ఎరువు పెంచక్కర్లేదు.

కాయ చిన్నది, ఒకటి రెండు గ్రాములు తూగుతుంది. చెట్టు మీది కాయ ఓల్యూరోపీన్ అనే పదార్థం వల్ల విపరీతమైన చేదు. లీటరు నీటికి 100 గ్రాముల ఉప్పు కలిపి, కాయలన్నీ మునిగేలా బరువు పెట్టి ఉంచితే కొన్ని నెలలకు చేదు విరుగుతుంది. పైకి తేలిన కాయకు బూజు పడుతుంది. నూనె ఆశ మాత్రం పెట్టుకోకండి. కాయ బరువులో నూనె ఐదో వంతు అటూ ఇటూ ఉంటుంది, అదీ మిల్లులో తీస్తేనే. ఒక కుండీ కాపుతో చిన్న సీసా కూడా నిండదు.

గట్టి చలి, మంచి ఎండ ఉన్న చోట దీనికి ఐదుకు నాలుగు మార్కులు. చలి లేని చోట రెండున్నర, అదీ ఆకుల కోసమే.