రిపేరు చేయించిన ఆల్టర్నేటర్: మూడేళ్ల వాడకం తర్వాత

పాతబడిన నా డీజిల్ కారుకు 2021 వేసవిలో ఆల్టర్నేటర్ రీవైండింగ్ చేయించాను. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఈ యంత్రాన్ని మా ఊళ్లో ఇప్పటికీ డైనమో అనే అంటారు. కాయిల్‌తో పాటు కార్బన్ బ్రష్‌లు, రెండు బేరింగులు, వోల్టేజీని అదుపులో ఉంచే కటౌట్ మార్చారు. కొత్తది కొనడానికి అయ్యే ఖర్చులో మూడో వంతుతో పని పూర్తయింది. ఆ తర్వాత ఏడు నెలల్లో అది రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి బాగుచేయించాక మాత్రం ఇప్పటికి 41,000 కిలోమీటర్లు నడిచింది.

మొదటిసారి నాలుగు నెలలకే, రాత్రి ప్రయాణంలో, డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు వెలిగి హెడ్‌లైట్లు పసుపు రంగులోకి దిగాయి. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ మీద 14 వోల్టుల దరిదాపుల్లో ఉండవలసిన రీడింగు 12.1 దగ్గర ఉండి, చూస్తుండగానే తగ్గుతోంది. ఆల్టర్నేటర్ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే డయోడ్ల ప్లేటును ఎలక్ట్రీషియన్ మార్చి పంపించాడు. ఆ ప్లేటు పోవడంలో నా పాత్ర కూడా ఉందని తర్వాత అర్థమైంది. అంతకు వారం ముందు పూర్తిగా దిగిపోయిన బ్యాటరీకి మరో కారు నుంచి తీగలు కలిపి స్టార్ట్ చేసి, దారిలో అదే ఛార్జ్ అవుతుందిలే అని అరవై కిలోమీటర్లు నడిపాను. అలాంటప్పుడు ఆల్టర్నేటర్ పూర్తి సామర్థ్యంతో పనిచేయవలసి వచ్చి డయోడ్లు విపరీతంగా వేడెక్కుతాయి. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ఛార్జింగ్ పరీక్షించే అలవాటు మన మెకానిక్‌లలో ఇంకా ఉంది. ఆ క్షణంలో ఎగిసే వోల్టేజీకి మంచి డయోడ్లు కూడా కాలిపోవచ్చు కనుక ఎవరు ఎంత అనుభవజ్ఞులైనా ఆ పని చేయనివ్వకండి.

రెండోసారి ఆగినప్పుడు విప్పించే ముందే బయటి కారణాలు చూశాను. బెల్టు బిగువుగానే ఉంది. హెడ్‌లైట్లు వేసి, ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలిస్తే 0.1 వోల్టు మాత్రమే వచ్చింది. అంటే ఎర్తింగులో లోపం లేదు. బ్యాటరీ పాజిటివ్‌కు వెళ్లే లావు తీగ వైపు కూడా అంతే. ఇక లోపం లోపలే ఉండాలి.

నా కళ్ల ముందే విప్పారు. బ్రష్ హోల్డరు నిండా ఆముదంలో కలిపిన కాటుకలాంటి జిగట ముద్ద ఉంది. స్ప్రింగు తోస్తున్నా బ్రష్‌లు అందులో ఇరుక్కుపోయి, తిరిగే కాయిల్‌కు కరెంటు అందించే స్లిప్ రింగులకు తగలడం లేదు. ఆ తరం డీజిల్ కార్లలో చాలావాటికి ఉన్నట్టే, నా కారుకూ, బ్రేక్ పెడల్‌ను తేలిక చేసే బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనుక, అదే షాఫ్టు మీద ఉంటుంది. దానికి ఇంజిన్ ఆయిల్ ఒక గొట్టంలో వచ్చి మరో గొట్టంలో సంపుకు, అంటే ఇంజిను అడుగున ఆయిలు నిలిచే తొట్టికి, తిరిగి వెళుతుంది. పంపుకూ ఆల్టర్నేటర్‌కూ మధ్య అడ్డుగా ఉండేది ఒక ఆయిల్ సీలు మాత్రమే. సీలు మారిస్తే సరిపోతుందని ఎలక్ట్రీషియన్ అన్నాడు, కానీ అది మొదటి రిపేరులోనే మార్చిన సీలు. అనుమానం వచ్చి తిరుగు గొట్టాన్ని ఊడదీయించి నోటితో ఊదాను; గాలి పోలేదు. పైకి చక్కగా కనిపించే ఆ రబ్బరు గొట్టం లోపల ఉబ్బి మూసుకుపోయింది. వెళ్లే దారి లేని ఆయిలు సీలును తోసుకుని లోపలికి వచ్చింది. ఉదయం మొదటిసారి తొక్కినప్పుడు బ్రేక్ పెడల్ గట్టిగా తగలడం నెలల తరబడి గమనిస్తూనే, దానికీ ఛార్జింగుకూ సంబంధం ఉంటుందని నేను ఊహించలేదు.

గొట్టం, సీలు, బ్రష్‌లు మార్చి, లోపలంతా కడిగి ఆరబెట్టి బిగించారు. అప్పటి నుంచి ఛార్జింగ్ లైటు వెలగలేదు.

లోపాలు లేవని కాదు. బయటి రకం కటౌట్ 14.7 వోల్టుల దాకా ఇస్తోంది, అందువల్ల బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ నెలకోసారి పోయవలసి వస్తోంది. ఎనభై దాటితే బేరింగు సన్నగా ఈల వేస్తోంది. సంక్రాంతి ప్రయాణానికి ముందు ఆ రెండూ మార్పిస్తాను. పనిలో పనిగా ఆ గొట్టాన్ని మరోసారి ఊది చూస్తాను.