చంటిపాపతో అద్దె ఇల్లు: కేపీహెచ్‌బీ కాలనీలో ఐదేళ్ల తర్వాత

2021 సంక్రాంతి వెళ్లిన వారం మేం హైదరాబాద్‌లో కొండాపూర్ అవతల ఒక గేటెడ్ కమ్యూనిటీలో పదకొండో అంతస్తు ఫ్లాటు ఖాళీ చేసి, కేపీహెచ్‌బీ (కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు) కాలనీలో, మధ్య ఆదాయం వాళ్లకని కట్టిన ఒక ఎంఐజీ ఇంటి మొదటి అంతస్తులోకి అద్దెకి దిగాం. అప్పటికి మా పాపకి రెండేళ్ల మూడు నెలలు. ఈ జనవరికి ఐదేళ్లు నిండాయి, పాప ఒకటో తరగతిలో ఉంది. పిల్లలున్న స్నేహితులు ఇల్లు మారే ముందు ఫోన్ చేసి "అక్కడ ఎలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. ఐదు నిమిషాల్లో చెప్పి ముగించే సంగతి కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పాత ఫ్లాటు గురించి చెప్పాలి, లేకపోతే మేం ఇక్కడికి ఎందుకొచ్చామో అర్థం కాదు. ఆ ఇల్లు చూడ్డానికి ఒక ఆదివారం ఉదయం పదకొండింటికి వెళ్లాం. నేను అప్పుడు ఐదో నెల. హాల్లో వెలుతురు బాగుంది, వంటగదిలో అల్మారాలన్నీ కొత్తవి, కింద ఈత కొలను, పిల్లల ఉయ్యాలలు, జారుడుబల్ల. మావారి ఆఫీసు మాదాపూర్‌లో, బండి మీద ఇరవై నిమిషాలు. అద్దె 27 వేలు, మెయింటెనెన్స్ ఇంకో 4,500. ఎక్కువే అనిపించింది, కానీ బిడ్డ కోసమే కదా అని ఒప్పుకున్నాం. కరెంటు పోతే క్షణంలో జనరేటర్ అందుకునేది. కాంపౌండు లోపల బండ్ల భయం లేదు. గేటు దగ్గర అడగకుండా ఎవరినీ పంపేవారు కాదు. ఇవన్నీ నిజంగా మంచి సౌకర్యాలే.

నా ఆఫీసు అమీర్‌పేటలో. కాన్పు సెలవు అయ్యాక మళ్లీ వెళ్లడం మొదలుపెడితే తలుపు దగ్గర్నుంచి సీటు దగ్గరికి గంటన్నర. పాపని చూసుకోడానికి ఊరి నుంచి మా అత్తయ్య వచ్చారు. ఆవిడకి లిఫ్టంటే భయం. పాపని ఎత్తుకుని ఒంటరిగా లిఫ్టు ఎక్కేవారు కాదు. ఉయ్యాలలు కిందే ఉన్నాయి, కానీ వాటి దగ్గరికి పాప వారానికి రెండుసార్లు వెళితే గొప్ప. పక్క ఫ్లాటు తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. ఖమ్మం దగ్గర పల్లెలో అరుగు మీద కూర్చుని పది మందితో మాట్లాడే మనిషి, పదకొండో అంతస్తు బాల్కనీలో పాపని ఒళ్లో పెట్టుకుని కింద కార్లు చూపిస్తూ పొద్దుపుచ్చారు. వేసవి వస్తే నీళ్ల ట్యాంకర్లు, వాటి ఖర్చు మెయింటెనెన్స్‌లో అదనం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, ఆ రెండుసార్లు కూడా పోయాయి. రెండేళ్లు దగ్గర పడుతున్నా పాప మాటలు బాగా తక్కువ. చూపిస్తే డాక్టర్ గారు వినికిడి బాగానే ఉందన్నారు, ఎదుగుదల కూడా పరీక్షించారు. "పిల్లని నలుగురిలో తిప్పండమ్మా" అన్నారు. ఆ రోజు రాత్రే ఇల్లు మారాలని నిర్ణయించుకున్నాం.

ఈసారి ఆఫీసు దూరం రెండో విషయంగా పెట్టుకున్నాం. పగలంతా ఇంట్లో ఉండేది అత్తయ్య, పాప. వాళ్లిద్దరూ మా సాయం లేకుండా చెప్పులేసుకుని ఎక్కడెక్కడికి వెళ్లి రాగలరు? అదొక్కటే మొదటి ప్రశ్న. నచ్చిన ప్రతి ఇంటికీ రెండోసారి సాయంత్రం ఐదింటికి, పనిరోజున వెళ్లి వీధిలో అరగంట నిలబడ్డాం. పిల్లలు బయటికి వస్తున్నారా, ముసలివాళ్లు గుమ్మాల్లో కూర్చుంటున్నారా, బండ్లు ఎంత వేగంగా పోతున్నాయి అని చూశాం. నిజాంపేట వైపు ఒక మంచి ఫ్లాటుని ఆ అరగంట చూశాకే వద్దనుకున్నాం. అడ్డదారి కోసం కార్లన్నీ ఆ సందులోంచే పోతున్నాయి.

ఇల్లు వెతికే ఆరు వారాలూ మనసుకి కష్టంగా గడిచాయి. టూ లెట్ బోర్డు చూసి గేటు కొడితే మొదటి ప్రశ్న "మీరేమిట్లు?", రెండోది "నాన్‌వెజ్ వండుతారా?", మూడోది "పిల్లలు గోడల మీద గీస్తారా?" చంకలో పాపని చూసి "ఫ్యామిలీకే ఇస్తాం గానీ చిన్నపిల్లలు వద్దు" అన్నవారూ ఉన్నారు. పిల్లలు లేని ఫ్యామిలీ ఎప్పటికీ అలాగే ఉండాలనా వాళ్ల ఉద్దేశం? ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

కేపీహెచ్‌బీ హౌసింగ్ బోర్డు కట్టిన పాత కాలనీ. తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయం వాళ్లకని ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ పేర్లతో ఇళ్లు మంజూరు చేశారు. తర్వాత ఓనర్లు తమ ఇంటి మీద అంతస్తులు వేసుకుని అద్దెలకి ఇస్తున్నారు. అందుకే చాలా ఇళ్లలో ఓనరు కిందే ఉంటారు. మా ఓనరు ఆంటీ పొద్దున్నే ముగ్గు వేస్తుంటే మా పాప మెట్ల మీద కూర్చుని చూసేది. నెల తిరిగేసరికి పిండి డబ్బా పట్టుకోవడం తన పని అయింది. అత్తయ్యకి ఆవిడ "వదినగారు" అయిపోయారు. మధ్యాహ్నం పప్పు కింద నుంచి పైకి వస్తుంది, సాయంత్రం పచ్చడి పై నుంచి కిందికి వెళుతుంది. కూరగాయల బండి, పూల ఆవిడ, మలుపులో ఇస్త్రీ బండి, నాలుగిళ్ల అవతల కిరాణా కొట్టు. రోజుకి పది మంది పాపని పేరుతో పిలిచేవారు, తను జవాబు చెప్పేది. ఎనిమిది నెలలకి ఆపకుండా మాట్లాడడం మొదలుపెట్టింది. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో వయసులో మాట్లాడతారని తెలుసు, ఇల్లు మారినందుకే మాటలొచ్చాయని నేను అనను. కానీ మా అత్తయ్య మొహంలో వచ్చిన మార్పుకి మాత్రం ఈ వీధే కారణమని కచ్చితంగా చెబుతాను.

ఇక ఇల్లు. ఇండిపెండెంట్ ఇల్లు తీసుకునేవాళ్లు గదులు కొలిచే ముందు సంపు (భూమిలోని నీళ్ల తొట్టి) ఎక్కడుందో చూడండి. మా ఇంట్లో గేటు పక్కనే, నేల మట్టంలో ఉంది. దాని మీద పలచటి రేకు మూత. అడ్వాన్సు ఇవ్వకముందే ఓనరు అంకుల్ గారిని అడిగాను, బరువైన ఇనుప మూత వేయించి తాళం పెట్టమని. ఆయన కాస్త ఆలోచించి సరే అన్నారు, ఖర్చు సగం సగం పెట్టుకున్నాం. తర్వాత పట్టా మీద పక్కకి జరిగే గేటు. పట్టాలోంచి తప్పితే పిల్లల మీద పడుతుంది, చివర గట్టి స్టాపర్ ఉండాలి. మెట్లకి పైన చిన్న గేటు, డాబా పిట్టగోడ ఎత్తు, కిటికీ గ్రిల్లుల మధ్య సందు. వీటిలో రెండు మేమే చేయించుకున్నాం. ఆ పాత ఫ్లాటు చూసినప్పుడు ఇవేవీ మా కంటికి ఆనలేదు, ఎందుకంటే అప్పటికి మాకు నడిచే బిడ్డ లేదు.

నీళ్లు మా వీధికి రోజు విడిచి రోజు వస్తాయి. సంపు పెద్దది కాబట్టి ఇబ్బంది లేదు. బోరు మాత్రం ఏప్రిల్ వచ్చేసరికి సన్నబడుతుంది. 2024 వేసవిలో నగరం పడమటి వైపంతా ట్యాంకర్ల కోసం వెతుక్కున్నప్పుడు మేం కూడా నాలుగు తెప్పించుకున్నాం. ఇల్లు చూసేటప్పుడు బోరు ఎంత లోతు అని అడిగి ఊరుకోవద్దు, "పోయిన మే నెలలో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు?" అని ఓనర్ని కాకుండా పక్కింటివాళ్లని అడగండి. ఇంకొకటి, జలమండలి (నగరానికి నీళ్లిచ్చే బోర్డు) 2021 నుంచి ఇళ్లకి నెలకి 20,000 లీటర్ల వరకు ఉచితంగా ఇస్తోంది. దానికి కనెక్షన్‌కి మీటరు, ఆధార్ అనుసంధానం ఉండాలి. అవి ఉన్నాయో లేదో అడిగితే, నెలనెలా అద్దెతో పాటు నీళ్ల ఛార్జీ ఎందుకు కట్టాలో, కట్టనక్కర్లేదో తేలుతుంది.

రాకపోకలు నాకు బాగా కలిసొచ్చాయి. మెట్రో ఎర్ర లైన్లో కేపీహెచ్‌బీ కాలనీ స్టేషన్ నుంచి అమీర్‌పేటకి మారకుండా ఇరవై నిమిషాల లోపే. పాపకి జ్వరమని ఫోనొస్తే ముప్పావు గంటలో ఇంట్లో ఉంటాను. మావారికి మొదట్లో నరకమే, జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ రోడ్డు సంగతి అందరికీ తెలుసు. మెట్రోలో వెళ్లాలంటే అమీర్‌పేట దాకా పోయి నీలం లైను మారి వెనక్కి రావాలి. 2022 జూన్‌లో కైతలాపూర్ ఫ్లైఓవర్ తెరిచాక ఆయనకి కొంచెం ఊపిరాడింది. ఇద్దరి ఆఫీసులూ కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఉన్నవాళ్లకి మాత్రం నేను ఈ కాలనీ చెప్పను. రోజుకి మూడు గంటలు రోడ్డు మీద పోతే ఎంత మంచి వీధి అయినా పిల్లలకి మీరు దక్కరు.

ఇక్కడి కష్టాలు కూడా దాచకుండా చెప్పాలి. మొదటిది కుక్కలు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధి కుక్కల దాడిలో చనిపోయాక చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు. మా సందులో ఐదారు ఉంటాయి. ఆ తర్వాత వీధిలో తల్లులం ఒక మాట అనుకున్నాం, ఐదు నుంచి ఆరున్నర దాకా పిల్లలు ఆడేటప్పుడు ఎవరో ఒక పెద్దవాళ్లు కర్ర పట్టుకుని కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఇప్పటికీ వంతులు నడుస్తున్నాయి. వర్షాకాలంలో దోమలు విపరీతం, 2021 సెప్టెంబరులో పాపకి డెంగీ వచ్చి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆ తర్వాతే కిటికీలకి జాలీలు వేయించాం, చేరిన నెలలోనే వేయించాల్సింది. చుట్టూ హాస్టళ్లు ఎక్కువ, రాత్రి పదకొండు దాటాక బైకుల మోత. కారు పెట్టుకోడానికి చోటు లేదు. వినాయక చవితికి మండపం మైకు మా కిటికీ ఎదురుగానే. దగ్గరలో పచ్చటి పార్కు లేదు, ఆదివారం కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కి తీసుకెళతాం. పాత చోట ఉయ్యాలలు కిందే ఉండేవని ఆ ఆదివారాలు నాకు గుర్తుకొస్తూనే ఉంటుంది.

అగ్రిమెంటు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఏడాది దాటిన లీజుని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి కాబట్టి అందరూ 11 నెలలకే రాస్తారు. మేం జనవరిలో చేరాం, మొదటి గడువు డిసెంబరులో తీరింది, రెండోది ఆ తర్వాతి నవంబరులో తీరేది. రెండో ఏడు నవంబరులో అంకుల్ గారు, వాళ్లబ్బాయి పెళ్లి కుదిరింది, పై ఇల్లు కావాలి అన్నారు. పాప అప్పుడే నర్సరీలో చేరి అలవాటు పడుతోంది. బడి నడిచి ఏడు నిమిషాలు. చదువు మధ్యలో ఇల్లు మారితే బడి కూడా మారాలి, లేదా నాలుగేళ్ల పిల్ల వ్యానులో గంట తిరగాలి. ఆ నెల మేం పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. కొత్త కోడలి ఉద్యోగం బెంగళూరులో కావడంతో ఆ అబ్బాయి అక్కడికే వెళ్లాడు, మేం ఉండిపోయాం. వెంటనే ఒక షరతు రాయించుకున్నాను. బడి నడిచే నెలల్లో ఎవరూ ఎవరినీ ఖాళీ చేయమనకూడదు, గడువు ఎప్పుడు తీరినా మే నెల చివరి దాకా ఉండనివ్వాలి. ఇక్కడ బళ్లు జూన్‌లో తెరుస్తారు. కొత్తగా తీసుకునేవాళ్లు జూన్‌లోనే మొదలుపెడితే 11 నెలలు సరిగ్గా ఏప్రిల్ చివరికి, సెలవుల్లోకి వస్తాయి. ఓనర్లు దీనికి మామూలుగా అభ్యంతరం చెప్పరు, మనం అడగమంతే.

డబ్బు లెక్క: 2021లో 15 వేలు, ఇప్పుడు 19,500. అడ్వాన్సు రెండు నెలలది. ఖాళీ చేసినప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకుంటామని మొదటే చెప్పారు, పాత చోట ఆ మాట చెప్పకుండా పట్టుకున్నారు. మెయింటెనెన్స్ లేదు. మిగిలిన డబ్బులో కొంత కిటికీ జాలీలకీ, ఇన్వర్టర్‌కీ పోయింది.

పోయిన నెల మా తోడికోడలు వచ్చి ఇల్లు చూసింది. ఆవిడకి ఇద్దరు చిన్నపిల్లలు, మియాపూర్‌లో వెతుకుతున్నారు. ఈ పాత బాత్రూములు, ఇరుకు వంటిల్లు చూసి "అంత జీతాలుండీ ఇక్కడేంటక్కా?" అంది. నేనేం చెప్పలేదు, ఐదింటి దాకా ఉండమన్నాను. ఐదింటికి కింద గేటు దగ్గర ముగ్గురు పిల్లలు మా పాపని కేకేశారు. ఆ రోజు కుర్చీ వంతు మా అత్తయ్యది. ఆవిడ కర్ర తీసుకుని, సంపు తాళం ఒకసారి లాగి చూసి, బయటికి వెళ్లి కూర్చున్నారు. తోడికోడలు పిల్లలిద్దరూ ఆవిడ వెనకే దిగిపోయారు.