ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పరిశోధన: నీళ్ల పరీక్షా, పేపర్ల విశ్లేషణా, కేస్-కంట్రోలా, ట్రయలా? ఏది మేలు?

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడిమామిడి తోటలున్న, ఉద్దానం అనే ఈ పట్టీలో షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. అందుకే కెమిస్ట్రీ వాళ్లు, కమ్యూనిటీ మెడిసిన్ పీజీలు, జర్నలిజం స్కాలర్లు అందరి చూపూ దీని మీదే. టాపిక్ ఒక్కటే అయినా అడిగే ప్రశ్నలు వేరు. ఒకరి పద్ధతితో ఇంకొకరి ప్రశ్నకు జవాబు చెప్పబోతేనే థీసిస్ వైవాలో చిక్కు వస్తుంది.

ముందే చెప్పేస్తే, కారణం వెతకాలంటే ఉన్నవాటిలో కేస్-కంట్రోల్ (జబ్బున్నవాళ్లను, అంటే కేసులను, జబ్బు లేని కంట్రోళ్లతో పోల్చే పద్ధతి) మేలు. నీళ్ల పరీక్ష ఒక్కదాన్నే పట్టుకుని కారణం చెప్పడం అన్నిటికన్నా బలహీనం. ఎక్కువమంది చేసేది మాత్రం అదే, ఎందుకంటే అది చవక.

నీళ్ల పరీక్ష

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు బాగా సరిపోతుంది, శాంపిల్ సరిగ్గా పడితే. బోరు పంపును కాసేపు వదిలేసి, పైపులో నిలవున్న నీళ్లు పోయాకే పట్టాలి. లోహాలకు పాలిథిలిన్ సీసా తీసుకుని, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, పీహెచ్ 2 కన్నా తగ్గేదాకా నైట్రిక్ ఆమ్లం కలపాలి. కలపకపోతే సీసం లాంటివి సీసా గోడలకు అంటుకుపోతాయి, ల్యాబు రిపోర్టులో తక్కువ కనిపిస్తాయి. ఆమ్లం పోసిన సీసా నైట్రేట్‌కు పనికిరాదు కాబట్టి దానికి వేరే సీసా ఉండాలి. ఉద్దానం విషయంలో సిలికా మీద కూడా అనుమానాలున్నాయి కదా, దాన్ని గాజు సీసాలో పడితే గాజులోంచే సిలికా నీళ్లలోకి దిగుతుంది. ప్రతి ట్రిప్పులోనూ డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి వెంట తీసుకెళ్లి, అక్కడే మూత తీసి, ఫిల్టర్, ఆమ్లం అన్నీ దానికీ పట్టించి ల్యాబుకు పంపాలి. అందులో కూడా సీసం కనిపించిందంటే తప్పు నీళ్లది కాదు.

తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1.0 (వేరే నీళ్లు దొరకని చోట 1.5) దాటకూడదు. వచ్చిన అంకెను దీనితో పోల్చడం సులువే. కష్టమంతా ఆ తర్వాతి అడుగులో ఉంది. ఊరి సగటు నీళ్లను ఊరి సగటు జబ్బుతో జత చేస్తే, ఆ నీళ్లు తాగినవాళ్లకే జబ్బు వచ్చిందో లేదో అది చెప్పదు. జబ్బు ముదరడానికి ఏళ్లు పడుతుంది. ఈ రోజు పట్టిన నీళ్లు పదిహేనేళ్ల కిందట తాగిన నీళ్లు కావు. అప్పుడు నుయ్యి, ఇప్పుడు లోతు బోరు, ఇంకొందరికి క్యాన్ నీళ్లు. పైగా జబ్బున్న ఊళ్లలోనే పట్టుకొచ్చి జబ్బు లేని ఊళ్లను వదిలేస్తే అసలు పోలికే ఉండదు.

పేపర్ల విశ్లేషణ

ఇది జబ్బుకు కారణం చెప్పదు, చెప్పాల్సిన పనీ లేదు. కారణం తేలని జబ్బుకు వార్తాపత్రికలు ఏ కారణం అంటగడుతున్నాయి అన్నది దీని ప్రశ్న. మంచి ప్రశ్న. ఖర్చూ తక్కువే.

మన పేపర్లతో వచ్చే చిక్కు ఎడిషన్లు. శ్రీకాకుళం జిల్లా పేజీల్లో ఉద్దానం తరచూ కనిపిస్తుంది, హైదరాబాదు ఎడిషన్‌లో కనిపించడమే అరుదు. ఏ ఎడిషన్, మెయిన్ పేజీలా జిల్లా పేజీలా అన్నది మొదటి రోజే రాసి పెట్టుకోకపోతే రెండు పేపర్ల మధ్య తేడా అనుకున్నది నిజానికి రెండు ఎడిషన్ల మధ్య తేడా అవుతుంది. మీడియా పాఠ్యపుస్తకాలు కన్‌స్ట్రక్టెడ్ వీక్ చెబుతాయి. అంటే ఆర్నెల్లలోంచి ఒక సోమవారం, ఒక మంగళవారం ఇలా ఏడు రోజులు లాటరీ తీయడం. ఆదివారం సంచికలు వేరుగా ఉంటాయి కాబట్టి ఆ పద్ధతి పుట్టింది. రోజూ వచ్చే రాజకీయ వార్తలకు బాగానే ఉంటుంది, వారానికి రెండు వార్తలు కూడా రాని అంశానికి ఏడు రోజుల్లో ఏమీ దొరకదు. ఉద్దానానికి అన్ని రోజులూ చూడాల్సిందే.

సెర్చ్‌లో 'ఉద్దానం' అని కొడితే 'ఉద్దానానికి', 'ఉద్దానపు' తప్పిపోతాయి. 'ఉద్దాన' అని కొట్టాలి. 'కవిటిలో కిడ్నీ రోగి మృతి' అన్న వార్తలో ఆ మాటే ఉండదు కాబట్టి ఏడు మండలాల పేర్లతోనూ వెతకాలి.

తర్వాత కోడింగ్, అంటే ప్రతి వార్తనూ చదివి అది ఏ రకమో గుర్తు పెట్టడం. వార్తలో కారణం చెప్పారా లేదా అని ఇద్దరు కోడర్లు 100 వార్తలు విడివిడిగా చూశారనుకోండి. 85 వార్తలకు ఇద్దరూ 'లేదు' అన్నారు, 5 వార్తలకు ఇద్దరూ 'ఉంది' అన్నారు, మిగతా 10లో చెరి అయిదింటికి ఒకరు ఉందంటే ఒకరు లేదన్నారు. 90 శాతం ఏకాభిప్రాయం! గైడుకు కూడా బాగానే అనిపిస్తుంది. కానీ ఇద్దరూ పదింట తొమ్మిదిసార్లు 'లేదు' అనేవాళ్లే కాబట్టి కళ్లు మూసుకుని కోడ్ చేసినా 82 శాతం కలుస్తుంది. కప్పా (గుడ్డిగా కలిసేదాన్ని తీసేశాక మిగిలే ఏకాభిప్రాయపు కొలత) లెక్క: 0.90లోంచి 0.82 తీసేసి 0.18తో భాగిస్తే 0.44. ఇది చాలదు, 0.80 దరిదాపుల్లో ఉండాలి. శాతం ఒక్కటే రాసిన థీసిస్‌ను నమ్మనక్కర్లేదు. కప్పా తక్కువొస్తే కోడర్లను మార్చడం దండగ, కోడ్‌బుక్‌లో నిర్వచనం మార్చాలి. 'నీళ్లే కారణమని గ్రామస్తుల ఆవేదన' అన్నది కారణం చెప్పినట్టా, కాదా? గొడవంతా అలాంటి వాక్యాల దగ్గరే ఉంటుంది.

కేస్-కంట్రోల్

1950లో లండన్ ఆసుపత్రుల్లో డాల్, హిల్ పొగాకు మీద చేసిన పని దీనికి పాత ఉదాహరణ. ఊపిరితిత్తుల క్యాన్సరున్న 649 మంది మగవాళ్లలో పొగ తాగనివాళ్లు ఇద్దరే. పోలికకు తీసుకున్న 649 మందిలో 27 మంది. 647ను 27తో గుణించి, 622×2తో భాగిస్తే ఆడ్స్ రేషియో (కేసుల్లో ఆ అలవాటు పాలు పోలిక గుంపుకన్నా ఎన్ని రెట్లో చెప్పే అంకె) 14. మనుషుల చేత పొగ తాగించి ట్రయల్ (మనుషుల్ని లాటరీతో గుంపులుగా పంచి పోల్చడం) చేయలేం, ఉద్దానంలో అనుమానపు నీళ్లు తాగించీ చేయలేం. అందుకే ఈ దారి.

కేస్ ఎవరన్నది ముందు తేల్చాలి. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా) 60 కన్నా తక్కువ, అదీ కనీసం 3 నెలల తేడాతో రెండుసార్లు. మే నెలలో తోటలో పనిచేసి వచ్చిన మనిషి రక్తం ఆ సాయంత్రమే తీస్తే ఒంట్లో నీరు తగ్గినందుకే క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి తీసేయాల్సిన వ్యర్థం) పెరిగి ఉండొచ్చు. షుగరు, ముదిరిన బీపీ, రాళ్లు ఉన్నవాళ్లను పక్కన పెట్టాలి. డయాలసిస్ యూనిట్లో కూర్చుని కేసులు ఏరడం తేలికే కానీ అక్కడ కనిపించేవాళ్లు బతికి, అక్కడిదాకా రాగలిగినవాళ్లు. కొత్తగా బయటపడ్డ కేసులు తీసుకోవడం మేలు.

పద్ధతి మునిగేదీ తేలేదీ కంట్రోళ్ల దగ్గరే. 1981లో కాఫీకీ పాంక్రియాస్ క్యాన్సరుకూ సంబంధం ఉందన్న పరిశోధన పెద్ద దుమారమే రేపింది. అందులో కంట్రోళ్లుగా తీసుకున్నవాళ్లలో చాలామంది కడుపు జబ్బులవాళ్లు, కాఫీ అప్పటికే తగ్గించుకున్నవాళ్లు. పోలిక గుంపులో కాఫీ తక్కువైతే కేసుల్లో ఎక్కువ కనిపించక మానదు. ఉద్దానంలో దీనికి తిరగేసిన తప్పు చేస్తారు: సులువని అదే ఇంట్లో మనిషినో పక్కింటి మనిషినో కంట్రోల్‌గా తీసుకుంటారు. ఇద్దరివీ అవే నీళ్లు, అదే బియ్యం. ఏం తేడా తేలుతుంది? నీళ్లే మీ అనుమానమైతే అదే మండలంలో వేరే నీటి ఆధారమున్న ఇళ్లనూ కలుపుకుని ఓటరు జాబితా నుంచి లాటరీ తీయండి. వాళ్ల క్రియాటినిన్ కూడా చూసి, కిడ్నీలు బాగున్నాయని తేలాకే కంట్రోల్ అనండి.

ఇంకో ఉచ్చు మూత్రంలో లోహాలు కొలవడం. కిడ్నీ దెబ్బతిన్నాక లోహాన్ని బయటికి పంపే తీరే మారిపోతుంది. అలాంటప్పుడు తేడా జబ్బుకు కారణమో జబ్బు వల్ల వచ్చిందో చెప్పలేం. నీళ్లూ అంతే, జబ్బు తెలిశాక చాలామంది క్యాన్ నీళ్లకు మారతారు. 'ఇప్పుడు ఏం తాగుతున్నారు' అని కాకుండా 'పెళ్లినాటికి ఇంట్లో నీళ్లెక్కడివి, నొప్పులకు ఏ మాత్రలు వాడేవారు, వారానికి ఎన్ని' అని గుర్తులు పట్టుకుని అడగాలి. మాత్ర పేరు గుర్తుండదు, స్ట్రిప్పులు చూపిస్తే గుర్తుపడతారు.

ఎంతమంది కావాలి? కంట్రోళ్లలో 20 శాతం మందికి మనం అనుమానించే అలవాటు ఉండి, ఆడ్స్ రేషియో 2 పట్టుకోవాలంటే 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) ఇటు 170, అటు 170. ఏడాదిన్నరలో పీజీ చేయగల పనే ఇది. కేసులు తక్కువైతే ఒక్కో కేసుకు ఇద్దరు, ముగ్గురు కంట్రోళ్లు పెట్టుకోవచ్చు. నలుగురు దాటితే శ్రమే తప్ప లాభం లేదు.

ట్రయల్

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం, కానీ అది చికిత్సకూ నివారణకూ. పీజీ థీసిస్‌లలో కనిపించే 'గ్రూపుకు 30 మంది' ఎక్కడి నుంచి వచ్చిందో గానీ దానితో పెద్దగా ఏమీ తేలదు. 30 శాతం మందిలో కనిపించే ఇబ్బంది మందుతో 15 శాతానికి తగ్గిందని చూపాలంటే గ్రూపుకు 118 మంది కావాలి, మధ్యలో 10 శాతం మంది మానేస్తారని లెక్కేస్తే 132. 30 మందితో చూపాలంటే అది దాదాపు 4 శాతానికి పడిపోవాలి, అంత మహిమగల మందులు అరుదు. ఓపీ నంబరు సరి-బేసి చూసి పంచడం ర్యాండమైజేషన్ కాదు, తర్వాత వచ్చేవారు ఏ గ్రూపో అందరికీ తెలిసిపోతుంది. సీటీఆర్ఐ (దేశంలో ట్రయళ్లను నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ మొదటి రోగిని చేర్చకముందే కావాలి, 2018 ఏప్రిల్ 1 నుంచి మొదలైపోయిన ట్రయళ్లను అక్కడ తీసుకోవడం లేదు.

ఉద్దానంలో నీళ్లనే మార్చి చూడాలంటే మనుషుల్ని విడివిడిగా పంచలేం, ఊరినే యూనిట్‌గా తీసుకోవాలి. ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి శాంపిల్ పెరుగుతుంది. ఊరికి 50 మంది, ఆ పోలిక కొలత 0.02 అయితే 1+49×0.02, అంటే దాదాపు రెట్టింపు. పీజీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

హిరమండలం రిజర్వాయరు నుంచి 7 మండలాలకు వంశధార నీళ్లిచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. ఇలాంటి పథకంలో ఏ ఊరికి ముందు, ఏ ఊరికి తర్వాత అన్నది చీటీలు తీసి నిర్ణయిస్తే ఖర్చు లేకుండానే ట్రయల్ అయిపోతుంది, ఎవరికీ నీళ్లు ఆపినట్టూ కాదు. చీటీలు తీయకపోయినా పైపు ఏ ఊరికి ఏ తేదీన చేరిందో పట్టిక సంపాదించి, ఆ తేదీకి ముందూ తర్వాతా ఈజీఎఫ్‌ఆర్ ఎంత వేగంగా పడుతోందో పోల్చవచ్చు. ముందటి క్రియాటినిన్ రీడింగ్ లేని ఊరు ఎంత పెద్దదైనా ఈ పోలికలోకి రాదు.